గప్పీలు ఏమయ్యాయి?



వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని వార్డెన్ గారు ఫోన్ చేశారు. "కష్టపడి చదివి పైకొచ్చావు కదా, అదే రాయి. పిల్లలకు ధైర్యంగా ఉంటుంది" అన్నారు. రాద్దామనే కూర్చున్నాను. మాది కర్లపాలెం మండలం. నాన్న పొలం పనులకూ రొయ్యల చెరువుల మీదికీ కూలికి వెళ్ళేవాడు, అమ్మ నాట్లకూ కోతలకూ వెళ్ళేది. మా ఇంట్లో డిగ్రీ చదివిన మొదటివాణ్ణి నేనే. ఈ సంవత్సరమే నాగార్జున యూనివర్సిటీలో ఎం.ఎస్సీ. జువాలజీ పూర్తి చేశాను. ఇంతే, నాలుగు లైన్లలో అయిపోయింది! పైగా ఈ సంచికలో ఇటువంటి కథలు ఇంకో పది ఉంటాయి. ఊరి పేరు మార్చుకుంటే అందరిదీ ఒకటే కథ.

అందుకని మన వరండాలో ఒకప్పుడు ఉన్న చేపల ట్యాంకు గురించి రాస్తున్నాను. ఇప్పుడు చదువుతున్న తమ్ముళ్ళు దాన్ని చూసి ఉండరు. ఈ ఏడు పూర్వ విద్యార్థులం తలా కొంత వేసుకుని కొత్త ట్యాంకు కొనివ్వాలనుకుంటున్నాం. చేపల చదువు చదివాను కాబట్టి అందులో ఏ చేపలు వేయాలో తేల్చే పని నాకు అప్పగించారు. మిమ్మల్ని అడిగితే "టైగర్ చేపలు కావాలి" అన్నారట. ఆ మాట విన్న రోజు ఇంటికి వెళ్ళి నా ట్రంకు పెట్టె అడుగున ఉన్న పాత రఫ్ నోట్సు ఒకటి బయటికి తీశాను.

2016 ఆగస్టు 15న జెండా పండగకు మన పూర్వ విద్యార్థి ఒక అన్న మద్రాసు నుంచి ఆ ట్యాంకు తెచ్చారు. అక్కడ కొళత్తూరు అనే పేట ఉంది. రంగు చేపల పెంపకానికీ అమ్మకానికీ దేశమంతా తెలిసిన చోటు. ట్యాంకు మూడు అడుగుల పొడవు, అడుగు వెడల్పు, అడుగుంపావు ఎత్తు. అప్పుడు మాకు సముద్రం లాగా కనిపించింది. ఇప్పుడు లెక్క వేస్తే అంచు దాకా నింపినా నూట ఆరు లీటర్లు. స్నానాల దగ్గర మనం వాడుకునే బకెట్లతో ఏడు బకెట్లు కూడా ఉండవేమో!

నేను తొమ్మిదో తరగతి. ట్యాంకు బాధ్యత నాకు ఇచ్చారు. పొద్దునా సాయంత్రం మేత వేయాలి, ఆదివారం మూడో వంతు నీళ్ళు తీసి కొత్త నీళ్ళు పోయాలి, ప్రతి ఆదివారం చేపల్ని లెక్కపెట్టి రాయాలి. లెక్క రాయమని ఎవరూ చెప్పలేదు, నేనే పెట్టుకున్నాను. ఇంతకుముందు ఎవరూ నాకు ఏ వస్తువూ అప్పజెప్పలేదు మరి. నోట్సులో మొదటి పేజీ ఇలా ఉంది: గప్పీలు 10, మోలీలు 4, గోల్డ్ 2, టైగర్ 2, అద్దం నాకేది 1.

అద్దం నాకేది అంటే సక్కర్ చేప. నోటితో గాజుకు అతుక్కుని నాచు తింటుంది. టైగర్ అంటే ఆస్కార్. అమ్మేవాళ్ళు టైగర్ ఆస్కార్ అంటారు. నల్లటి ఒంటి మీద నారింజ రంగు చారలు. తెచ్చినప్పుడు రెండంగుళాలు ఉన్నాయి. కళ్ళు పెద్దవి, మనిషిని గుర్తుపడతాయి. నేను వస్తుంటే మూలకు వచ్చి తోక ఊపేవి. ట్యాంకులో అన్నిటికంటే నాకు ఇష్టమైనవి అవే. ఇది కూడా ఒప్పుకోవాలి.

నవంబరు 14, బాలల దినోత్సవం నాడు గప్పీలు 10. నవంబరు నెలాఖరుకు 8. డిసెంబరు మొదటి ఆదివారం 6. తరువాతి వారం 5.

చచ్చిపోతే తేలాలి కదా! తేలలేదు. ముల్లు లేదు, పొలుసు లేదు. పిల్లి అనుకుందామంటే పైన మూత ఉంది. అప్పుడు మొదలైంది, ఎవరో తీస్తున్నారని.

ఆ సంవత్సరం ఆరో తరగతిలో ఒక తమ్ముడు కొత్తగా చేరాడు. యానాదుల పిల్లవాడు. పేరు రాయను, రాయవద్దన్నాడు. డ్రెయిన్ గట్టున వాళ్ళ గుడిసెలు. వాడు బురదలో చెయ్యి పెట్టి చేపను పట్టేవాడు. గాలం లేదు, వల లేదు. మేము నోరు తెరుచుకుని చూసేవాళ్ళం. ఆదివారం వాడి వెంట పేరలి డ్రెయిన్ దాకా వెళ్ళినవాళ్ళలో నేనూ ఉన్నాను. ఎర్రటి పిల్లల గుంపు నీటి మీద కదులుతుంటే అది కొరమీను పిల్లలనీ, కింద పెద్దది కాపలా ఉంటుందనీ, అప్పుడు చెయ్యి పెడితే కరుస్తుందనీ మాకు చెప్పింది వాడే. ఎం.ఎస్సీ. పుస్తకంలో అదే సంగతి చదివినప్పుడు నాకు కొత్తగా ఏమీ అనిపించలేదు.

చేపలు పోతున్నాయి అనగానే అందరి చూపూ వాడి మీదికి పోయింది. "వాళ్ళు పచ్చివే తింటారంట" అన్నారొకరు. ఊళ్ళోవాళ్ళు మన గురించి అనే మాటలు ఎటువంటివో మనకు తెలుసు. అటువంటి మాటలే మనం వాడిని అన్నాం. అప్పుడు నేనొక మాట అన్నాను. "రాత్రిపూట వాడు ట్యాంకు దగ్గర నిలబడటం నేను చూశాను."

అది అబద్ధం కాదు. రెండు రాత్రులు చూశాను. వరండా లైటు వెలుతురులో గాజుకు ముఖం ఆనించి నిలబడ్డాడు. నేను అన్నది ఆ ఒక్క వాక్యమే. కానీ ట్యాంకు నా బాధ్యత, చేపలు తగ్గితే నన్ను అడుగుతారు. ఆ వాక్యం అన్నాక నన్నెవరూ అడగలేదు.

పిల్లలందరం చేరి వాడి పెట్టె తీయించాం. పెద్దవాళ్ళు ఎవరూ అప్పుడు అక్కడ లేరు, ఇది పూర్తిగా మేము చేసిన పని. పెట్టెలో ఒక గాలం ముల్లు, కొంచెం నైలాన్ దారం, అటుకుల డబ్బా ఉన్నాయి. గాలం ముల్లు చూపించి "ఇదుగో" అన్నారు. అంగుళం గప్పీని గాలంతో ఎవడు పడతాడు? ఆ ప్రశ్న ఎవరికీ రాలేదు. ఆ రోజు నుంచి వాడి పేరు కొంగ. భోజనాల దగ్గర కొంగ, బడిలో కొంగ. సంక్రాంతి సెలవులకు ఇంటికి వెళ్ళాడు, తిరిగి రాలేదు.

ఇప్పుడు నోట్సులో తరువాతి పేజీ. 2017 జనవరి ఆఖరి ఆదివారం: గప్పీలు 2. ఫిబ్రవరి మొదటి వారం: గప్పీలు లేవు, మోలీలు 3. ఫిబ్రవరి ఆఖరు: మోలీలు 1, ఒక గోల్డ్ తోక సగం లేదు.

కొంగ వెళ్ళిపోయాక కూడా చేపలు తగ్గుతూనే ఉన్నాయి. లెక్కపెట్టింది నేనే, రాసింది నేనే. ఎవరికీ చెప్పలేదు.

తరువాత టైగర్లు రెండూ ఒకదాని మూతి ఒకటి పట్టుకుని కొట్టుకున్నాయి. ఒకటి చచ్చిపోయింది. రెండోది వేసవి సెలవులకు ముందు కరెంటు పోయి గాలి మిషను ఆగిన రాత్రి చచ్చిపోయింది. మిగిలింది అద్దం నాకేది. దాన్ని చంపటం ఇష్టంలేక బకెట్లో తీసుకెళ్ళి డ్రెయిన్‌లో వదిలాం. పుణ్యం చేశాం అనుకున్నాం. దాని సంగతి చివర్లో చెబుతాను.

డిగ్రీ అయ్యాక పి.జి.లో చేరాను. హాస్టల్లో సీటు వచ్చేలోపు గుంటూరులో ఒక నెల గది కోసం తిరిగాను. మూడు చోట్ల "మీరేవిట్లు?" అని అడిగారు. చెప్పాక గది ఖాళీ లేదన్నారు. సరే, అది వేరే వ్యాసం. ఖర్చుల కోసం సాయంత్రాలూ ఆదివారాలూ ఒక అక్వేరియం షాపులో పనికి కుదిరాను. నాన్నకు చెబితే, "చేపలు అమ్మటానికి ఎమ్మెస్సీ ఎందుకురా, మన బజార్లో అమ్మేవాళ్ళంతా చదువుకున్నారా?" అన్నాడు. అమ్మ మాత్రం "కూరకు పనికిరాని చేపలంట" అని అందరికీ వింతగా చెప్పుకునేది.

షాపులో మొదటి వారం ఒక దంపతులు వచ్చారు. కొత్త ఇల్లు కట్టుకున్నారట. తల మీద బొడిపె ఉన్న ఫ్లవర్ హార్న్ కావాలి, అది ఇంట్లో ఉంటే కలిసివస్తుందట. దాంతో పాటు పిల్లలకు నాలుగు గోల్డ్ ఫిష్. నేను కవర్లు తీస్తున్నాను. షాపాయన నా చెయ్యి పట్టుకుని ఆపి వాళ్ళతో అన్నాడు: "అమ్మా, ఈ రెండూ ఒకే ట్యాంకులో వెయ్యాలంటే గోల్డ్ ఫిష్‌కి డబ్బులు ఇవ్వొద్దు, మేత ప్యాకెట్టు కింద రాస్తాను." వాళ్ళకు నవ్వొచ్చింది. నాకు రాలేదు. పది గప్పీలు ఏమయ్యాయో నాకు ఆ కౌంటర్ దగ్గర అర్థమైంది, ఏడేళ్ళ తరువాత.

ఆయన పెద్దగా చదువుకోలేదు. కానీ ఏ చేపతో ఏది కలుస్తుందో ఆయన చెప్పినంత వివరంగా నాకెవరూ చెప్పలేదు. ముందు నోరు చూడాలి. ఆస్కార్ లాంటి చేప కొరికి నమలదు. నోరు ముందుకు చాచి ఒక్కసారి తెరిస్తే నీళ్ళతో పాటు చిన్న చేప లోపలికి పోతుంది. అందుకే ముల్లు మిగలదు, పొలుసు మిగలదు. దానికి కోపమూ లేదు, పగా లేదు. నోట్లో పట్టేది ఎదురుగా ఉంటే అది మేత, అంతే. చీకటి పడ్డాక చిన్న చేపలు మగతగా ఉన్నప్పుడు ఆ పని ఇంకా సులువు.

రెండోది, కొన్న రోజు సైజు చూసి మోసపోకూడదు. ఆస్కార్ సొంత ఊరు దక్షిణ అమెరికా, అమెజాన్ నది. షాపులో రెండంగుళాలు ఉన్నది మంచి మేత పడితే ఏడాదిలోనే దగ్గర దగ్గర అడుగు అవుతుంది. ఒక్క ఆస్కార్‌కే నాలుగు అడుగుల ట్యాంకు, రెండు వందల ఎనభై లీటర్ల దాకా నీళ్ళు కావాలి. మనం నూట ఆరు లీటర్లలో రెండు వేశాం, వాటితో ఇంకో పదిహేడు! షార్క్ అని వెండి రంగు పిల్లల్ని అమ్ముతారు చూడండి, పిల్లలు ఎగబడి కొంటారు. అది షార్క్ కాదు. మన చెరువుల్లో పెంచే పంగస్ చేపే. మూడు అడుగులు దాటి పెరిగే జాతి. ఆ సంగతి చెబితే కొనేవాళ్ళు నన్ను అనుమానంగా చూసేవాళ్ళు.

మరి ఆస్కార్‌కు తోడు దొరకదా అంటే దొరుకుతుంది. నోట్లో పట్టనంత పెద్దదిగా ఉండాలి, దాని దెబ్బకు తట్టుకోవాలి, అలాగని దాన్నే ఎదిరించేది కాకూడదు. పళ్ళెం లాగా గుండ్రంగా, బల్లపరుపుగా ఉండే సిల్వర్ డాలర్లు గుంపుగా వేస్తే సరిపోతాయి. ఆకులు తినే చేపలు, వేగంగా తప్పుకుంటాయి, ఆ గుండ్రటి ఆకారం నోట్లో ఇమడదు. అడుగు దాకా పెరిగే టిన్‌ఫాయిల్ బార్బులు కూడా అంతే. సక్కర్‌కు ఒంటినిండా కవచం ఉంటుంది కాబట్టి దాని జోలికి పెద్దగా పోదు. అయితే వీటన్నిటికీ ఆరు అడుగుల ట్యాంకు కావాలి. ట్యాంకు చిన్నదైతే ఎంత మంచి జత అయినా చెడుతుంది.

నీళ్ళ సంగతి మనవాళ్ళు అసలు పట్టించుకోరు. ఆఫ్రికాలో మలావీ అని పెద్ద సరస్సు ఉంది. అందులో రాళ్ళ మధ్య బతికే రంగురంగుల సిక్లిడ్ చేపలకు గట్టి నీళ్ళు కావాలి, పీహెచ్ ఎనిమిది దగ్గర ఉండాలి. అమెజాన్ చేపలు మెత్తటి నీళ్ళకు అలవాటుపడ్డవి. గోల్డ్ ఫిష్‌కు చల్లటి నీళ్ళు కావాలి. ఈ మూడింటినీ తెచ్చి ఒకచోట వేస్తే కొట్టుకోకపోయినా ఏదో ఒకటి నీరసించి చస్తుంది. ఆ మలావీ చేపల్లో ఒక చిత్రం ఉంది. మామూలుగా పోట్లాడే చేపల్ని పలచగా ఉంచాలంటాం. వీటిని కాస్త ఇరుకుగానే ఉంచుతారు. నాలుగే ఉంటే గట్టిది ఒకదాన్ని పట్టుకుని చచ్చేదాకా తరుముతుంది. ఇరవై ఉంటే ఎవర్ని తరమాలో తెలియక దెబ్బలు అందరికీ కొంచెం కొంచెం పంచుకుపోతాయి. ఫిల్టరు మాత్రం చాలా గట్టిది పెట్టాలి.

కొత్త చేపను తెచ్చి పాతవాటిలో వదిలేటప్పుడు షాపాయన ముందు రాళ్ళన్నీ కదిపి చోట్లు మార్చేవాడు. ఎందుకంటే పాత చేప ఒక రాయి వెనక చోటును తనదిగా చేసుకుని ఉంటుంది. రాళ్ళు మారితే దానికీ ఆ చోటు కొత్తే. ఇద్దరూ కొత్తవాళ్ళయితే గొడవ తక్కువ. వీలుంటే నెమ్మది చేపల్ని ముందు వేసి, పొగరు చేపను ఆఖర్న వేయాలి. వేసి వెళ్ళిపోకూడదు. రెండు మూడు రోజులు కనిపెట్టాలి. తోక చిరిగి ఉన్నా, మేతకు రాకపోయినా, పై మూలలో ఫిల్టరు వెనక నక్కి ఉన్నా అది దెబ్బలు తింటున్నట్టు లెక్క. వెంటనే విడదీయాలి. "అలవాటు పడుద్దిలే" అనుకునేవాళ్ళు పొద్దున్నే చచ్చిన చేపతో వస్తారు.

కొన్నిటికి జతే లేదు. ఫ్లవర్ హార్న్ ఏ నదిలోనూ పుట్టింది కాదు. 1990లలో మలేషియాలో రకరకాల సిక్లిడ్లను కలిపి తయారుచేసిన చేప. దాన్ని ఒంటరిగా ఉంచటమే మంచిది. మగ ఫైటర్‌తో ఇంకో మగ ఫైటర్‌ను ఉంచలేం. అద్దంలో తన నీడనే చూసి రెక్కలు విప్పుతుంది.

ఇదంతా షాపులో నేర్చుకున్నాను. క్లాసులో ఇంకొకటి తెలిసింది. కోన్రాడ్ లోరెంజ్ అని జంతువుల నడవడి మీద పనిచేసిన శాస్త్రవేత్త, 1973లో నోబెల్ బహుమతి పంచుకున్న ముగ్గురిలో ఒకరు. సముద్రపు దిబ్బల దగ్గర ఉండే రంగు చేపల్ని గమనించి ఆయన చెప్పిన సంగతి ఏమిటంటే, అవి తమ జాతి చేపనే, తమ రంగులో ఉన్నదాన్నే అన్నిటికంటే ఎక్కువగా కొడతాయి. వేరే ఆకారంలో, వేరే రంగులో ఉన్నదాన్ని పక్కనుంచి పోనిస్తాయి. తినే తిండీ, ఉండే చోటూ ఒకటే కాబట్టి పోటీ అంతా తనలాంటి దానితోనే. అందుకే జత ఎంచేటప్పుడు ఒకే పోలిక ఉన్న రెండు పొగరు చేపల్ని వేయరు. మేడమ్ బోర్డు మీద రాస్తున్నారు, అందరూ రాసుకుంటున్నారు. నేను మాత్రం వాడి పెట్టె చుట్టూ నిలబడ్డ మమ్మల్ని తలుచుకుంటూ కూర్చున్నాను. ఆ రోజు నోట్సు నా ఫ్రెండ్ దగ్గర చూసి రాసుకున్నాను.

ఇక అసలు సంగతి. చివరి సెమిస్టర్‌లో ప్రాజెక్టు పని మీద నిజాంపట్నం వైపు ఒక కొరమీను చెరువుకు వెళ్ళాను. చెరువు గట్టున షెడ్డులో తొట్లు ఉన్నాయి, పిల్లల్ని పెంచేవి. ఒక కుర్రాడు జల్లెడ లాంటి దానితో పిల్లల్ని సైజుల వారీగా వేరుచేస్తున్నాడు. నేను దేన్నో రాసుకుంటుంటే తలెత్తి చూసి అన్నాడు.

"అన్నా, నువ్వు చేపల లెక్క రాసే అన్నవి గదా?"

పోల్చుకున్నాను. కాళ్ళు ఆడలేదు నాకు. వాడు మాత్రం పని ఆపలేదు. పిల్లల్ని జాగ్రత్తగా పక్క తొట్టిలోకి వంచుతూ, "రెండు రోజులు ఆలస్యం చేస్తే సగానికి సగం మింగేసుకుంటయ్యన్నా. అన్నీ ఒక తల్లి పిల్లలే మళ్ళీ" అన్నాడు. ఎంత తేడా ఉంటే వేరు చేస్తావని అడిగాను. నేను రాసుకెళ్ళిన ఫారంలో పొడవు కొలతలు ఉన్నాయి. వాడు నవ్వి, "పొడుగు చూస్తే తెలవదన్నా. తల చూడాల. దీని తల దాని నోట్లో పట్టుద్దా లేదా, అంతే" అన్నాడు. మా షాపాయన మాటే. ఇద్దరూ ఒకరినొకరు ఎరగరు.

టీ తాగాం. నేనే ఎత్తాను. ఆ రోజు నేను అలా అనకుండా ఉండాల్సింది అన్నాను. క్షమాపణ చెప్పటం ఎలాగో తెలియక మాటలు అటూ ఇటూ అయ్యాయి. వాడు చాలాసేపు గ్లాసు తిప్పుతూ కూర్చున్నాడు.

"చెప్పాగా అన్నా అప్పుడే. టైగర్ మింగతందని."

"ఎవరికి చెప్పావురా?"

"నీకే. బోరింగు కాడ. పళ్ళు తోముకుంటా ఉన్నావు నువ్వు. రాత్రి చూశానన్నా, గప్పీని గుటుక్కున మింగింది అన్నా. పోరా అన్నావు."

తమ్ముళ్ళూ, నాకు గుర్తు లేదు. తప్పించుకోవటానికి చెప్పటం లేదు, నిజంగానే గుర్తు లేదు. ఎన్ని రోజులు ఆలోచించినా ఆ పొద్దున నాకు గుర్తుకు రావటం లేదు. వాడికి నేను తోముకుంటున్నది వేపపుల్ల అన్న సంగతి కూడా గుర్తుంది.

అందుకేనా బడి మానేశావు అని అడిగాను. "అదొక్కటే కాదులే అన్నా. నాన్న కాలు విరిగింది పండక్కి. ఇంటికాడ అప్పులు" అన్నాడు. కాసేపాగి, "అదీ ఉందిలే" అన్నాడు.

అద్దం నాకేది సంగతి చెబుతానన్నాను కదా. ఆ సక్కర్ చేప దక్షిణ అమెరికాది. అక్వేరియంలలో పెద్దదైపోయిందని జనం కాలువల్లో వదిలితే మన రాష్ట్రంలో చెరువులకూ కాలువలకూ పాకింది. దెయ్యం చేప అంటున్నారు. దాని ముళ్ళకు వలలు చిరుగుతాయి, కూరకు ఎవరూ కొనరు. ఆ రోజు షెడ్డు బయట తాటి చెట్టు కింద ఎండిపోయినవి రెండు పడి ఉన్నాయి. "మొన్న చెరువు తోడితే పడ్డయ్యన్నా. మా అయ్య వల ఒకటి పనికిరాకుండా పోయింది వీటితో" అన్నాడు. మేము డ్రెయిన్‌లో వదిలింది ఒక్కటే, అది వీటికి తాతో కాదో చెప్పలేం. నేను ఆ సంగతి వాడితో అనలేదు. ఇక్కడ రాస్తున్నాను. కొత్త ట్యాంకులో ఏ చేపనైనా వద్దనుకుంటే షాపుకు తిరిగి ఇవ్వండి. కాలువలో మాత్రం వదలకండి.

ఇప్పుడు కొత్త ట్యాంకు. వసూలైన డబ్బుతో మళ్ళీ మూడు అడుగులదే వస్తుంది. కాబట్టి టైగర్ ఆస్కార్ లేదు. కోపం తెచ్చుకోకండి, వాడితో కూడా మాట్లాడే ఈ మాట రాస్తున్నాను. మీకు టైగర్ అనే పేరే కావాలంటే టైగర్ బార్బులు ఉన్నాయి. చిన్న చేపలే, ఒంటి మీద నల్లటి అడ్డచారలు ఉంటాయి. వీటికీ పొగరు ఉంది, కాదనను. పొడవు రెక్కల చేప కనిపిస్తే కొరుకుతాయి. కాబట్టి వీటితో గప్పీలు, ఏంజెల్ చేపలు వేయకూడదు. మూడో నాలుగో వేస్తే పక్కవాటి మీద పడతాయి. పది వేస్తే వాటిలో అవే ఒకదాన్నొకటి తరుముకుంటూ మిగతావాటిని వదిలేస్తాయి. తోడుగా పది జీబ్రా చేపలు వేద్దాం. మన దేశపు చేపలే, సన్నటి నీలం చారలు, రెక్కలు పొట్టి. బార్బు వెంటపడేలోపు అవి ట్యాంకు అవతలి కొసన ఉంటాయి. రెండిటికీ ఒకే రకం నీళ్ళు సరిపోతాయి.

గప్పీలే కావాలనుకుంటే అప్పుడు బార్బులు మానేసి గప్పీలూ మోలీలూ మాత్రమే వేద్దాం. మన వైపు బోరు నీళ్ళు కాస్త ఉప్పగా, గట్టిగా ఉంటాయి. మోలీలకు అవి బాగా పడతాయి. పిల్లల్ని కూడా పెడతాయి. రెండిట్లో ఏది కావాలో మీరే తేల్చుకుని వార్డెన్ గారికి చెప్పండి. రెండూ కలిపి మాత్రం అడగకండి.

మూత మీద ఏదైనా బరువు పెట్టండి, జీబ్రా చేపలు ఎగిరి కింద పడతాయి. నీళ్ళలో పంపు నీళ్ళు కలిపితే క్లోరిన్ పోవటానికి ఒక రోజు బకెట్లో ఉంచి అప్పుడు పోయండి. ప్రతి ఆదివారం లెక్కపెట్టి రాయండి. తగ్గితే తగ్గినట్టే రాసి గోడకు అంటించండి, అందరికీ కనపడాలి.

వార్షికోత్సవానికి ట్యాంకు తీసుకుని నేను వస్తున్నాను. వాడినీ రమ్మన్నాను. చేపల్ని నీళ్ళలో వదిలేది నువ్వే అన్నాను. వెంటనే ఒప్పుకోలేదు. ఆదివారం గ్రేడింగ్ ఉంటుందన్నాడు. పది నిమిషాల తరువాత నేను బండి ఎక్కుతుంటే, "గ్రేడింగ్ శనివారమే అయిపోతే చూస్తాలే అన్నా" అన్నాడు.

— పూర్వ విద్యార్థి, ఎం.ఎస్సీ. జువాలజీ